హార్డ్ డిస్క్ పార్టిషన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా చుట్టాల్లో ఎవరు కొత్త ల్యాప్‌టాప్ కొన్నా మొదటి ఫోన్ నాకే వస్తుంది. "సీ డ్రైవ్ ఒక్కటే కనిపిస్తోంది, డీ, ఈ ఏవి?" అని అడుగుతారు. ఆర్నెల్లు తిరిగేసరికి రెండో ఫోన్. "సీ ఎర్రగా అయిపోయింది, డీలో బోలెడు ఖాళీ ఉంది, ఇటు కలపొచ్చా?" ఈ రెండు ఫోన్ల మధ్యలో వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఎక్కువ భాగం విండోస్ 10, 11 గురించే. విండోస్‌కి బదులు వాడే లైనక్స్, మ్యాక్ సంగతులు కింద ఉన్నాయి.

పార్టిషన్ అంటే అసలేమిటి?

ఐదెకరాల చేను మధ్యలో గట్టు వేస్తే రెండు మడులవుతాయి. నేల మాత్రం అదే. ఏ మడి ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది రికార్డులో ఉంటుంది. తెలంగాణలో పహాణీ అంటాం, ఆంధ్రలో అడంగల్ అంటాం. డిస్క్‌లోనూ ఇంతే. డిస్క్ మొదట్లో పార్టిషన్ టేబుల్ అనే చిన్న పట్టిక ఉంటుంది. ఫలానా భాగం ఫలానా సెక్టార్ (డిస్క్‌లో డేటా రాసే చిన్న గడి) దగ్గర మొదలై ఫలానా సెక్టార్ దగ్గర ముగుస్తుందని అందులో రాసి ఉంటుంది. విండోస్ ఆ పట్టిక చదివి ఒక్కో భాగాన్ని ఒక్కో డ్రైవ్‌గా చూపిస్తుంది. సీ, డీ అన్న అక్షరాలు విండోస్ తన సౌకర్యానికి తగిలించుకున్నవి. అదే డిస్క్‌ను లైనక్స్‌లో తెరిస్తే ఆ అక్షరాలు కనిపించవు.

ఈ పోలిక కాస్త గుర్తుంచుకోండి. గట్టు జరపడం ఒక పని, రికార్డు చెరిగిపోవడం ఇంకో సంగతి, పంట పోవడం మరో సంగతి. కింద జవాబుల్లో సగం ఈ తేడా మీదే ఆధారపడ్డాయి.

ఏ, బీ డ్రైవ్‌లు ఏమయ్యాయి? సీ నుంచే ఎందుకు మొదలవుతుంది?

ఆ రెండూ ఫ్లాపీలకు పోయాయి. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో హార్డ్ డిస్క్ లేదు, ఫ్లాపీ డ్రైవ్‌లే ఉండేవి. వాటికి ఏ, బీ అని పెట్టుకున్నారు. 1983లో వచ్చిన పీసీ ఎక్స్‌టీలో 10 ఎంబీ హార్డ్ డిస్క్ పెట్టేసరికి దానికి మిగిలింది సీ. ఇవాళ ఫ్యామిలీ గ్రూపులో వచ్చే పెళ్లి వీడియో ఒక్కటి కూడా ఆ డిస్క్‌లో పట్టదు. ఫ్లాపీలు పోయినా అలవాటు పోలేదు.

కొత్త ల్యాప్‌టాప్‌లో సీ ఒక్కటే ఉంది. డీ, ఈ చేసుకోవాలా?

చాలామందికి అవసరం లేదు. ఈ మాట చెప్పగానే "అదేంటి, మా పాత సిస్టమ్‌లో నాలుగు ఉండేవి కదా" అంటారు. నిజమే, ఉండేవి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలోనో, మన ఊళ్లోనో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఇంటికొచ్చేసరికి సీ విండోస్‌కి, డీ సాఫ్ట్‌వేర్లకి, ఈ పాటలూ సినిమాలకి, ఎఫ్ "పర్సనల్" అని పంచేసి ఉండేది. అప్పట్లో దానికి గట్టి కారణమే ఉంది. విండోస్ 98, ఎక్స్‌పీ రోజుల్లో వైరస్ పట్టినా, సిస్టమ్ నెమ్మదించినా మెకానిక్ చేసే వైద్యం ఒక్కటే, సీ ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేయడం. డీ, ఈ విడిగా ఉంటే పాటలు బతికిపోయేవి.

ఇప్పుడు విండోస్‌లోనే "రీసెట్ దిస్ పీసీ" ఉంది. అందులో "కీప్ మై ఫైల్స్" ఎంచుకుంటే మీ ఫైళ్లు ఉంచి మిగతాది కొత్తగా వేసుకుంటుంది. పైగా చాలా ల్యాప్‌టాప్‌లలో ఇప్పుడు వచ్చేది 512 జీబీ ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని చిప్‌ల డిస్క్. దాన్ని సీకి 150, డీకి మిగతాది అని కోస్తే జరిగేదేమిటో చాలాసార్లు చూశాను. ప్రోగ్రాములు, అప్‌డేట్లు, డెస్క్‌టాప్ మీద పడేసే ఫైళ్లు, డౌన్‌లోడ్లు అన్నీ సీలోనే చేరతాయి. సీ నిండిపోతుంది, డీ బోసిగా ఉంటుంది. ఇంట్లో ఒక గది కిక్కిరిసి, పక్క గదికి తాళం వేసి ఉన్నట్టు.

నా లెక్క ఇది. 256 జీబీ అయితే ముట్టుకోకండి. 512 అయితే గట్టి కారణం ఉంటేనే కోయండి. 1 టీబీ, ఆపైన అయితే మీ ఇష్టం, సీకి మాత్రం 250కి తగ్గకుండా వదలండి. గట్టి కారణం అంటే పక్కన లైనక్స్ వేసుకోవడం, విండోస్‌ను తరచుగా తుడిచి వేసే అలవాటు ఉండటం, ఆఫీసు ఫైళ్లను విడిగా ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచాల్సి రావడం లాంటివి. ఎస్ఎస్‌డీ ఒకటి, పాత రకం హార్డ్ డిస్క్ ఒకటి రెండూ ఉన్న డెస్క్‌టాప్ అయితే విభజన ఎలాగూ అయిపోయింది, మళ్లీ కోయక్కర్లేదు.

ఫైళ్లు సర్దుకోవడానికే అయితే ఫోల్డర్లు చాలు. "పాటలు" అని ఫోల్డర్ పెట్టుకుంటే దానికి ముందే సైజు నిర్ణయించాల్సిన పని లేదు.

డీలో పెట్టుకుంటే ఫైళ్లు భద్రంగా ఉన్నట్టే కదా?

సీ ఫార్మాట్ కొట్టినప్పుడు మాత్రమే భద్రం. డిస్క్ పాడైతే సీతో పాటు డీ కూడా పోతుంది, ఎందుకంటే రెండూ ఉన్నది ఒకే పెట్టెలో. ల్యాప్‌టాప్ ఎవరైనా ఎత్తుకుపోతే రెండూ పోతాయి. డబ్బు కోసం ఫైళ్లను బందీ చేసే రాన్సమ్‌వేర్ వస్తే కనిపించిన డ్రైవ్‌లన్నిటికీ తాళం వేసేస్తుంది, దానికి అక్షరాల పట్టింపు లేదు. బీరువా పై అరలోని నగలు కింది అరలోకి మార్చి, ఇక దొంగల భయం లేదనుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

మా దూరపు బంధువు ఒకాయన రిటైరయ్యాక పెన్షన్ కాగితాలు, పాస్‌బుక్కుల స్కాన్లు, మనవరాలి బారసాల ఫోటోలు అన్నీ శ్రద్ధగా డీలో ఒకసారి, ఈలో ఇంకోసారి కాపీ చేసి పెట్టుకున్నారు. "రెండు బ్యాకప్‌లు ఉన్నాయి, నాకేం టెన్షన్ లేదు" అనేవారు. ఒకరోజు హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమని చప్పుడు మొదలుపెట్టింది. నేను వెళ్లేసరికి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అసలు డిస్కే కనిపించలేదు. కాగితాలు మళ్లీ తెచ్చుకున్నారు, ఫోటోలు కొన్ని అమ్మాయి ఫోన్‌లో దొరికాయి. మిగతావి లేవు.

బ్యాకప్ అంటే వేరే వస్తువులో ఉండాలి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కావచ్చు, క్లౌడ్ కావచ్చు. కింద చెప్పబోయే ఏ పని మొదలుపెట్టే ముందైనా అది ఒకటి తీసి పక్కన పెట్టుకోండి.

1 టీబీ అని కొన్నాను, 931 జీబీయే చూపిస్తోంది. మోసపోయానా?

లేదు. డిస్క్ తయారుచేసేవాళ్లు వెయ్యి లెక్కన కొలుస్తారు, విండోస్ 1,024 లెక్కన కొలుస్తుంది. అందుకే 1 టీబీ 931గా, 512 జీబీ దాదాపు 476గా, 256 జీబీ 238గా కనిపిస్తాయి.

సరే, నేను విభజించాలనే అనుకున్నాను. ఎలా చేయాలి?

వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు, విండోస్‌లో ఉన్నదే చాలు. ముందు బ్యాకప్ తీయండి, ఛార్జర్ పెట్టండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే జాబితాలో డిస్క్ మేనేజ్‌మెంట్ ఉంటుంది. అందులో సీ మీద రైట్ క్లిక్ చేసి "ష్రింక్ వాల్యూమ్" నొక్కండి. కాసేపు లెక్కలు వేసుకుని ఒక బాక్సు తెరుస్తుంది.

అక్కడే చాలామంది తడబడతారు. ఆ బాక్సులో రాయాల్సింది సీకి మిగలాల్సిన సైజు కాదండి, సీ నుంచి కోసి తీయాల్సిన సైజు. అదీ ఎంబీల్లో. మీకు డీ సరిగ్గా 200 జీబీ కావాలంటే 200ను 1,024తో హెచ్చించి 2,04,800 అని కామాలు లేకుండా కొట్టాలి. 2,00,000 కొడితే 195 జీబీ చిల్లర వస్తుంది. నష్టమేమీ లేదు గానీ చూసినప్పుడల్లా చిరాగ్గా ఉంటుంది.

ష్రింక్ అయ్యాక సీ పక్కన నల్ల గీతతో "అన్‌అలకేటెడ్" అని ఒక ముక్క కనిపిస్తుంది. రికార్డులో ఎవరి పేరూ లేని బంజరు అన్నమాట. దాని మీద రైట్ క్లిక్ చేసి "న్యూ సింపుల్ వాల్యూమ్" ఎంచుకుని, వరుసగా నెక్స్ట్ కొడుతూ అక్షరం, ఎన్‌టీఎఫ్ఎస్ (ఫైళ్లు రాసుకునే పద్ధతి, అంటే ఫైల్ సిస్టమ్), ఒక పేరు ఇచ్చి ముగించండి. మొత్తం ఐదు నిమిషాల పని. సీలో ఉన్నవేవీ చెరగవు.

సీలో 300 జీబీ ఖాళీ ఉన్నా 40 జీబీ మాత్రమే కోయనిస్తోంది. ఎందుకు?

చేను చివర్న ఒక బండరాయి ఉందనుకోండి. మధ్యలో ఎంత ఖాళీ ఉన్నా గట్టును ఆ బండ దాటించి లోపలికి జరపలేరు. విండోస్‌లో కూడా నడుస్తుండగా కదపకూడని ఫైళ్లు కొన్ని ఉంటాయి. మెమరీ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైల్, నిద్రపోయే ముందు మెమరీని దాచుకునే హైబర్నేషన్ ఫైల్, సిస్టమ్ రిస్టోర్ దాచుకున్న కాపీలు, ఫైల్ సిస్టమ్ సొంత పట్టికలు. వాటిలో ఒక్కటి డిస్క్ చివర ఉన్నా కోత అక్కడితో ఆగిపోతుంది.

మార్గం ఏమిటంటే వాటిని కాసేపు తప్పించడం. సిస్టమ్ ప్రొటెక్షన్ (సిస్టమ్ రిస్టోర్ కాపీలు దాచేది ఇదే) ఆఫ్ చేయండి, పేజ్ ఫైల్ తాత్కాలికంగా తీసేయండి, హైబర్నేషన్ ఆపండి, రీస్టార్ట్ చేసి మళ్లీ ష్రింక్ ప్రయత్నించండి. పని అయ్యాక మూడూ తిరిగి ఆన్ చేయడం మర్చిపోకండి. అప్పటికీ కదలకపోతే, విండోస్ తనలో జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి 259 నంబరు ఈవెంట్ చూడండి. ఏ ఫైలు అడ్డుపడిందో పేరుతో సహా రాసి ఉంటుంది. ఈ చిట్కా తెలియక నేనొకసారి ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

సీ నిండిపోయింది, డీలో ఖాళీ ఉంది. డీ నుంచి తీసి సీకి కలపొచ్చా?

నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే. సీ మీద రైట్ క్లిక్ చేస్తే "ఎక్స్‌టెండ్ వాల్యూమ్" బూడిద రంగులో ఉంటుంది, నొక్కబడదు. డీని ష్రింక్ చేసినా అలాగే ఉంటుంది. అప్పుడు ఫోన్ చేస్తారు.

విండోస్ పెట్టే నియమం ఒక్కటే. ఖాళీ ముక్క సీకి వెంటనే కుడి పక్కన, ఆనుకుని ఉండాలి. డీని ష్రింక్ చేసినప్పుడు ఖాళీ వచ్చేది డీకి కుడి చివర. అంటే మీ చేనుకూ ఆ బంజరుకూ మధ్యలో డీ అనే చేను ఉంది. ఎదుటివాడి చేను దాటి గట్టు ఎలా కలుపుతారు?

దీనికి రెండు దారులు. మొదటిది, డీలో ఉన్నదంతా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, సరిచూసుకుని, డీని డిలీట్ చేసి, ఆ స్థలంలో కావలసినంత సీకి కలిపి, మిగిలినదాంతో కొత్త డీ చేసుకోవడం. మొరటుగా కనిపించినా నేను చేసేది ఇదే. రెండోది, మినీటూల్, ఈజ్‌అస్ లాంటి బయటి సాఫ్ట్‌వేర్లతో డీ మొత్తాన్ని కుడివైపు జరపడం. లైనక్స్ పెన్ డ్రైవ్ నుంచి జీపార్టెడ్‌తోనూ ఈ పని అవుతుంది. జరపడం అంటే గీత మార్చడం మాత్రమే అనుకోకండి, డీలో ఉన్న డేటా అంతా ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయాలి. పాత హార్డ్ డిస్క్ అయితే గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే రెండు వైపులా సగం సగం మిగులుతుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద, మే నెల మధ్యాహ్నం, ఈ సాహసం వద్దు.

ఇంకో చిక్కుంది. సీకీ డీకీ మధ్యలో రికవరీ పార్టిషన్ అని ఒక చిన్న ముక్క ఉంటే డీని డిలీట్ చేసినా ఎక్స్‌టెండ్ పనిచేయదు. బయటి సాఫ్ట్‌వేర్ మంచిగా ఉపయోగపడేది ఇక్కడే. ఆ ముక్క చిన్నది కాబట్టి దాన్ని చివరికి జరపడం నిమిషాల్లో అయిపోతుంది.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒకసారి సీలో ఏముందో చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే దేనికెంత పోతోందో చెబుతుంది. పాత విండోస్ ఇన్‌స్టలేషన్ ఫైళ్లు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్, ఎప్పటివో సినిమాలు తీసేస్తే చాలామందికి యాభై అరవై జీబీ తిరిగొస్తుంది. డౌన్‌లోడ్స్, వీడియోస్ లాంటి ఫోల్డర్లను డీలోకి మార్చుకోవచ్చు కూడా. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్, మూవ్. దీనికి ఒక్క గట్టు కూడా కదపక్కర్లేదు.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 100 ఎంబీ, 700 ఎంబీ అని అక్షరం లేని ముక్కలు ఉన్నాయి. తీసేయొచ్చా?

వద్దు. అక్షరం లేనంత మాత్రాన అనాథలు కావు. 100 లేదా 260 ఎంబీతో ఉన్నది ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్. కంప్యూటర్ ఆన్ కాగానే మదర్‌బోర్డ్ మొదట వెతికేది దాన్నే, విండోస్‌ను లేపే ఫైళ్లు అందులో ఉంటాయి. అది తీసేస్తే సీ చెక్కుచెదరకుండా ఉన్నా కంప్యూటర్ లేవదు. దాని పక్కనే 16 ఎంబీ ముక్క ఇంకొకటి ఉంటుంది, డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని చూపించను కూడా చూపించదు.

కొన్ని వందల ఎంబీలతో ఉన్నది రికవరీ పార్టిషన్. విండోస్ లేవనప్పుడు నీలం తెర మీద వచ్చే రిపేర్ మెనూ అందులోంచే వస్తుంది. అది ఉండటమే కాదు, కాస్త ఖాళీగా కూడా ఉండాలి. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన ఒక సెక్యూరిటీ అప్‌డేట్ చాలామందికి ఎంత ప్రయత్నించినా ఎక్కలేదు. కారణం, రికవరీ పార్టిషన్‌లో అది అడిగిన 250 ఎంబీ ఖాళీ లేకపోవడం. అర జీబీ కోసం ఆశపడి దాన్ని చెరిపేసుకోకండి.

ఎంబీఆర్, జీపీటీ అని అడుగుతోంది. ఏది ఎంచుకోవాలి?

జీపీటీ. రెండూ పార్టిషన్ టేబుల్ రాసే పద్ధతులే, గత పదేళ్లలో కొన్న కంప్యూటర్ ఏదైనా ఇంకో ఆలోచన అక్కర్లేదు.

ఎంబీఆర్ 1983 నాటి రికార్డు పద్ధతి. అందులో నాలుగు ప్రధాన పార్టిషన్లకే చోటుంది. సెక్టార్ నంబర్లు రాసుకునే గడి 32 బిట్లే కాబట్టి, 512 బైట్ల సెక్టార్లతో 2 టీబీ దాటిన స్థలాన్ని అది లెక్కలోకి తీసుకోలేదు. 4 టీబీ డిస్క్ కొని ఎంబీఆర్ పెడితే సగం వృథా. జీపీటీలో విండోస్ 128 పార్టిషన్ల దాకా ఇస్తుంది, పైగా పట్టిక నకలు ఒకటి డిస్క్ చివర కూడా దాస్తుంది. ఊళ్లో రికార్డు చెదలు పట్టినా జిల్లా ఆఫీసులో ఇంకో కాపీ ఉన్నట్టు. విండోస్ 11 అధికారికంగా అడిగేది యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ను లేపే మదర్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త రకం), ఆ పద్ధతిలో విండోస్ లేవాలంటే డిస్క్ జీపీటీలో ఉండాలి.

పాత కంప్యూటర్‌లో డిస్క్ ఎంబీఆర్‌గా ఉంటే ఫార్మాట్ కొట్టకుండానే మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు 2017 నుంచి విండోస్ 10లోనే ఉంది. మార్చాక బయోస్‌లో (మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో) కూడా బూట్ పద్ధతిని యూఈఎఫ్ఐకి మార్చాలి. ఆ రెండో పని మర్చిపోయి "సిస్టమ్ చచ్చిపోయింది" అని కంగారుపడేవాళ్లు ఎక్కువ.

ఒక హెచ్చరిక. డేటా ఉన్న పాత డిస్క్ తగిలించినప్పుడు "ఇనీషియలైజ్ డిస్క్" అని ఇదే ప్రశ్న వస్తే ఏదీ నొక్కకండి. రికార్డు చదవలేకపోతున్నానని విండోస్ చెబుతోందన్నమాట. ఓకే కొడితే పాత రికార్డు మీద కొత్తది రాసేస్తుంది.

ఫైల్ సిస్టమ్ ఏది పెట్టాలి, ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్32?

విండోస్ లోపలి డిస్క్‌కి ఎన్‌టీఎఫ్ఎస్. విండోస్‌కీ మ్యాక్‌కీ మధ్య తిరిగే ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి ఎక్స్‌ఫ్యాట్, ఎందుకంటే మ్యాక్ ఎన్‌టీఎఫ్ఎస్‌ను చదువుతుంది గానీ అందులో రాయదు. కారు స్టీరియోకీ, పాత టీవీకీ పెట్టే పెన్ డ్రైవ్‌కి ఫ్యాట్32. అందులో 4 జీబీ దాటిన ఫైలు ఒక్కటి కూడా పట్టదు. పెన్ డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉన్నా 5 జీబీ సినిమా ఎక్కడం లేదంటే కారణం ఇదే.

బిట్‌లాకర్ ఉంటే ఏం చేయాలి? నేనైతే ఆన్ చేయలేదు.

బిట్‌లాకర్ అంటే డిస్క్ అంతటికీ విండోస్ వేసే తాళం. మీరు చేయకపోయినా ఆన్ అయి ఉండొచ్చు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే దాని చిన్న రూపమైన డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే మొదలవుతుంది. విండోస్ లోపల చేసే ష్రింక్‌కి ఇబ్బంది ఉండదు. బయటి సాఫ్ట్‌వేర్ వాడినా, లైనక్స్ వేసినా, బయోస్‌లో సెక్యూర్ బూట్ ముట్టుకున్నా మాత్రం ఆన్ కాగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే మీ డిస్క్ మీకే పరాయిది, ఏ మెకానిక్ కూడా తెరవలేడు. పని మొదలుపెట్టే ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో సేవ్ చేసుకుంటే ఏం లాభమో మీరే ఆలోచించండి.

పొరపాటున పార్టిషన్ డిలీట్ చేశాను. అంతా పోయినట్టేనా?

ముందు చేతులు కంప్యూటర్ మీంచి తీయండి. కొత్త పార్టిషన్ చేయకండి, ఫార్మాట్ కొట్టకండి, ఏ ఫైలూ కాపీ చేయకండి. పోయింది రికార్డులో ఒక వరుస మాత్రమే, పంట ఇంకా చేలోనే ఉంది. దాని మీద వేరేది దున్నితే మాత్రం చెప్పలేం.

క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది డిస్క్ అంతా గాలించి, ఇక్కడ ఒక ఎన్‌టీఎఫ్ఎస్ మొదలైన ఆనవాలుంది, అక్కడ ముగిసిన ఆనవాలుంది అని పట్టుకుని పట్టికను తిరిగి రాయగలదు. చూడటానికి నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో భయపెడుతుంది గానీ బంగారంలాంటి పనిమంతురాలు. దాంతో పాటే వచ్చే ఫోటోరెక్ పార్టిషన్ దొరక్కపోయినా ఫోటోలు, డాక్యుమెంట్లు ఏరుకొస్తుంది, పేర్లు మాత్రం పోతాయి.

నాకిది అనుభవం మీద తెలిసింది. ఒకసారి పెన్ డ్రైవ్ శుభ్రం చేద్దామని, కమాండ్లు కొట్టి డిస్క్‌లు మార్చే విండోస్ పనిముట్టు డిస్క్‌పార్ట్ తెరిచాను. అందులో ముందు డిస్క్ నంబరు ఎంచుకుని, తర్వాత "క్లీన్" అని కొట్టాలి. డిస్క్ 2 కొట్టాల్సిన చోట 1 కొట్టాను. నా రెండో హార్డ్ డిస్క్, మూడేళ్ల ఫోటోలతో సహా, అర సెకనులో అన్‌అలకేటెడ్ అయిపోయింది. "మీకు నిశ్చయమేనా?" అన్న ప్రశ్న కూడా డిస్క్‌పార్ట్ అడగదు. ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఆ రాత్రి టెస్ట్‌డిస్క్‌తో కూర్చుంటే తెల్లవారేలోపు పట్టిక తిరిగొచ్చింది. అప్పటి నుంచి డిస్క్‌పార్ట్ తెరిస్తే మొదట సైజు చూసి ఏ డిస్కో నిర్ధారించుకుంటాను. డెస్క్‌టాప్ అయితే అవసరం లేని డిస్క్ కేబుల్ పీకేస్తాను.

నన్ను కాపాడింది అది పాత రకం హార్డ్ డిస్క్ కావడం. ఎస్ఎస్‌డీ మీద ఫార్మాట్ కొడితే ఈ స్థలం ఇక అక్కర్లేదని విండోస్ ట్రిమ్ ఆదేశం పంపుతుంది, ఎస్ఎస్‌డీ దాన్ని నిజంగానే తుడిచేసుకుంటుంది. అక్కడ టెస్ట్‌డిస్క్‌కైనా దొరికేది తక్కువ.

"డ్రైవ్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని అడుగుతోంది. చేయనా?

లోపల మీకు కావలసినవి ఉంటే క్యాన్సిల్. లైనక్స్ పార్టిషన్ అయినా, దెబ్బతిన్న ఎన్‌టీఎఫ్ఎస్ అయినా విండోస్ అడిగే ప్రశ్న ఒక్కటే. తనకు చదవడం రాని పుస్తకాన్ని ఖాళీ పుస్తకం అనుకుంటుంది.

పార్టిషన్లు చేస్తే కంప్యూటర్ వేగం పెరుగుతుందా?

ఎస్ఎస్‌డీ మీద తేడా ఉండదు. తిరిగే హార్డ్ డిస్క్ రోజుల్లో కొంత నిజం ఉండేది. పళ్లెం బయటి అంచు ఒక చుట్టులో ఎక్కువ డేటా పడుతుంది, డిస్క్‌లో మొదటి పార్టిషన్ వచ్చేది ఆ అంచు మీదే, కాబట్టి సీని చిన్నగా మొదట్లో ఉంచితే కాస్త లాభం. అదే సమయంలో సీ నుంచి డీకి కాపీ చేస్తుంటే డేటా చదివే ముల్లు అటూ ఇటూ పరిగెత్తి నెమ్మదించేది కూడా.

దీనికి తోడు ఇంకో అనుమానం తరచుగా వస్తుంది. సీలో ఎక్కువ రాతలు పడతాయి కాబట్టి ఎస్ఎస్‌డీలో ఆ భాగం ముందు అరిగిపోతుందా అని. అరగదు. మనం చూసే గీతలు ఎస్ఎస్‌డీ లోపలి చిప్‌లకు తెలియవు. కంట్రోలర్ రాతలను అన్ని చిప్‌ల మీదికీ తిప్పి తిప్పి పంచుతుంది. విండోస్ దృష్టిలో పక్కపక్కనే ఉన్న రెండు ముక్కలు లోపల ఎక్కడెక్కడో ఉంటాయి.

విండోస్ పక్కన లైనక్స్ వేసుకోవాలంటే ఎంత వదలాలి?

లైనక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు అడిగేది 25 జీబీ. నాలుగు రోజులు చూసి తీసేయడానికైతే అది చాలు, నిజంగా వాడాలంటే 60 నుంచి 100 వదలండి. సీని ష్రింక్ చేసే పని విండోస్‌లో ఉండగానే చేయండి, ఖాళీని అన్‌అలకేటెడ్‌గానే ఉంచి ఉబుంటు ఇన్‌స్టాలర్‌కి అప్పగించండి. స్వాప్ (మెమరీ నిండితే వాడుకునే డిస్క్ స్థలం) కోసం విడిగా పార్టిషన్ చేయాలని పాత వ్యాసాల్లో ఉంటుంది. 2017లో వచ్చిన 17.04 నుంచి ఉబుంటు మామూలుగా స్వాప్ ఫైల్‌తోనే నడుస్తుంది, ఆ గొడవ లేదు.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నప్పుడు విండోస్ పూర్తిగా పడుకోదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లైనక్స్ నుంచి సీ, డీలలో రాయడం కుదరదు, చదవడమే.

ఇంకో విచిత్రం మీకు మొదటి రోజే ఎదురవుతుంది. లైనక్స్ నుంచి విండోస్‌లోకి వచ్చేసరికి గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. బ్యాటరీ పోయిందనుకుని మార్పించినవాళ్లు నాకు తెలుసు. మదర్‌బోర్డ్ గడియారంలో లైనక్స్ అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుని చదువుతుంది. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి అదే గడియారం ముందుకు పరిగెత్తింది, ఎండాకాలం ఐదు గంటలు, చలికాలం ఆరు. లైనక్స్‌లో స్థానిక సమయమే వాడమని ఒక్క కమాండ్‌తో చెప్పొచ్చు.

మ్యాక్‌లో?

2017 నుంచి మ్యాక్‌లో ఏపీఎఫ్ఎస్ అనే కొత్త ఫైల్ సిస్టమ్ వచ్చాక గట్లు వేసే పని చాలావరకు పోయింది. ఒక కంటెయినర్, అందులో ఎన్ని వాల్యూమ్‌లైనా. స్థలం మాత్రం ఉమ్మడి గాదె లాంటిది, ఎవరికి ఎంత కావాలంటే అంత తీసుకుంటారు, ముందే పంచుకోవాల్సిన పని లేదు. డిస్క్ యుటిలిటీలో ప్లస్ గుర్తు నొక్కి వాల్యూమ్ చేర్చుకోండి. బూట్ క్యాంప్‌తో విండోస్ వేసుకోవడం ఇంటెల్ చిప్ ఉన్న పాత మ్యాక్‌లతోనే ఆగిపోయింది.

పాత ల్యాప్‌టాప్ అమ్మేస్తున్నాను. పార్టిషన్లన్నీ డిలీట్ చేసి ఇస్తే చాలా?

చాలదు. పైన టెస్ట్‌డిస్క్‌తో నేను నా ఫోటోలు వెనక్కి తెచ్చుకున్నట్టే కొన్నవాడు మీవి తెచ్చుకోగలడు. క్విక్ ఫార్మాట్ కూడా రికార్డు మార్చడమే, ముఖ్యంగా తిరిగే హార్డ్ డిస్క్ మీద. "రీసెట్ దిస్ పీసీ"లో "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచుకుని, సెట్టింగ్స్ మార్చే చోట "క్లీన్ డేటా" కూడా ఆన్ చేసి వదిలేయండి. విడిగా తీసిన హార్డ్ డిస్క్ అయితే ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, క్విక్ అన్న టిక్కు తీసేసి ఫార్మాట్ కొట్టండి. విస్టా నుంచీ పూర్తి ఫార్మాట్ ప్రతి సెక్టార్ మీదా సున్నాలు రాస్తుంది. పార్టిషన్లు రెండు మూడు ఉంటే అన్నిటికీ విడివిడిగా చేయాలి. 1 టీబీకి కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి.